ఇంటి చదువు – దాని ఒడిదుడుకులు

పసిబిడ్డకు మొదటి బడి ఇల్లే. మూడవ యేటనో, ఐదవ యేటనో, విజయదశమి నాడో, మరియొక శుభముహూర్తముననో, పళ్ళెములో బియ్యము పరచి, బిడ్డను తండ్రి తన తొడపై కూర్చుండబెట్టుకొని, చిన్నివ్రేలు పట్టి ఓనమాలు దిద్దించును. ఆ దినమున ఇల్లంతయు పండుగ. తోటిపిల్లలకు పలకలు, బలపములు, పప్పుబెల్లములు పంచిపెట్టుదురు. తాతగారు కన్నులు తుడుచుకొందురు. ఇంతవరకు ముహూర్తగ్రంథములు చక్కగా చెప్పును. మరునాటి సంగతి మాత్రము ఏ గ్రంథమును చెప్పదు. మరునాడు ఆ బిడ్డయే పలకను మంచము క్రింద దాచి, తులసికోట వెనుక నక్కి కూర్చుండును.

ఈ మరునాటిని గూర్చియే ఇచట కొంత విచారింపవలసి యున్నది. పిల్లలను బడికి పంపుచునే స్తోత్రములు, శతకములు, తిరుప్పావై మొదలగువానిని ఇంట నేర్పుకొను కుటుంబములు వైష్ణవులలో నేటికిని పెక్కు కలవు. ఆరేడేండ్లు వచ్చువరకు అక్షరములు, ఎక్కములుకూడ ఇంటనే చెప్పుకొనువారు కలరు. ఆ తరువాతకూడ బడికి పంపక, తామే సర్వము బోధించు తల్లిదండ్రులు కొందరు ఈ కాలమున కనబడుచున్నారు. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున బడులన్నియు మూతపడినప్పుడు ఇష్టమున్నను లేకున్నను ప్రతి ఇల్లును బడి యయ్యెను. ఉపాధ్యాయుల ఓర్పు ఎంతటిదో అప్పుడు చాలమంది తండ్రులకు మొదటిసారిగా తెలిసివచ్చెను.

ఇంటి చదువులో ఒకనాడున్నట్లు మరియొకనాడుండదు. సోమవారమునాడు ఏడేండ్ల బాలిక స్నానముచేసి, తిరుమణి తిరుచూర్ణములు ధరించి, ఎవ్వరును పిలువకయే వచ్చి కూర్చుండి, కేశవాది ద్వాదశనామములను తడబడక చెప్పి, మూడవ ఎక్కము ఒప్పజెప్పి, గుణింతము వ్రాయును. ఐదేండ్ల తమ్ముడు ప్రక్కన కూర్చుండి అక్క పెదవులను చూచుచు, తనకు ఎవ్వరును చెప్పని నామములను తానును పలుకును. తల్లి మనస్సు ఆకాశమునంటును. మంగళవారమునాడు ఆ బాలికయే ‘మాధవ’ తరువాత ‘గోవింద’ యను మాట జ్ఞప్తికి రాక ఏడ్చును. తమ్ముడు బలపమును నమలుచుండును. పొయ్యిమీద పాలు పొంగిపోవును. అదే సమయమునకు గ్యాసుబండ తెచ్చినవాడు తలుపు తట్టును. నిన్న నేర్చినదంతయు ఎచటికి పోయెనని తల్లి నిర్ఘాంతపడును. ఆ నిర్ఘాంతపాటునుండియే కోపము పుట్టును. బిడ్డకు పాఠము రాకపోవుటవలన కలుగు నష్టము స్వల్పము. అది రేపైనను వచ్చును. ఆ కోపమువలన కలుగు నష్టము మాత్రము ఎంతవరకు పోగలదో తాళ్ళపాకవారి వంశచరిత్రలోని ఒక వృత్తాంతము చూపుచున్నది.

పదకవితాపితామహుడైన అన్నమాచార్యులవారు 1408లో రాజంపేట సమీపముననున్న తాళ్ళపాకలో జన్మించి, 1503లో పరమపదించిరి. ఆ మహనీయుని తాతగారి పేరు నారాయణయ్య. నారాయణయ్యకు బాల్యమున చదువు అబ్బలేదు. ఇంట ఎంత చెప్పినను ప్రయోజనము లేకపోగా తండ్రి ఆయనను ఊటుకూరునందలి బంధువుల యింట నుంచి చదువ నియోగించెను. అచటను అదే స్థితి. పూర్వకాలపు వీధిబడులలో కోదండము వేయుట, గోడకుర్చీ వేయించుట, గుంజిళ్ళు తీయించుట, తొడపాశము పెట్టుట వంటి దండనలు సామాన్యముగా నుండెడివి. ఊటుకూరి గురువుకూడ బాలుని దండించెను. ఎన్ని దండనలు పెరిగినను అక్షరము మాత్రము రాలేదు. తోటివారి నడుమ తలయెత్తుకొనలేక, తండ్రి యొద్దకు తిరిగిపోలేక, ఆ బాలుడు ఒకనాడు ఊరిలోని చింతలమ్మ గుడికిపోయి, అచటి పుట్టలో పాము కలదని వినియున్నందున, కాటువేసి తన ప్రాణము తీయునని ఆ పుట్టలో చేయిపెట్టెను.

చింతలమ్మ ప్రత్యక్షమై బాలుని చేయి పట్టుకొని, కారణమడిగి, ఓదార్చి, తాళ్ళపాకలోని చెన్నకేశవస్వామిని సేవింపుమని, విద్య తానుగా అబ్బుననియు, అతని వంశమున మూడవతరమున గొప్ప హరిభక్తుడు జన్మించుననియు చెప్పి పంపెనని కథ. నారాయణయ్య ఇంటికి వచ్చి చెన్నకేశవుని సేవించి విద్వాంసుడయ్యెను. ఆయన కుమారుడు నారాయణసూరి. సూరి కుమారుడు అన్నమయ్య.

ఈ కథను మహిమగా మాత్రమే వినుటకు మనము అలవాటుపడితిమి. తల్లిదండ్రులు దీనిని మరియొక విధముగాకూడ వినవలసియున్నది. ఆ బాలునికి ఆ దినమున మొదటిసారిగా ‘ఎందుకు నాయనా?’ అని అడిగినది తండ్రి కాదు, గురువు కాదు, బంధువులు కారు. ఊరి పొలిమేరలోని గ్రామదేవత. ఆమె పాఠమడుగలేదు. ఏడ్చుచున్న పిల్లవానిని పట్టుకొని కారణమడిగినది. చెన్నకేశవుని కృప విద్యనిచ్చుటకు ముందు, ఆ బిడ్డ బ్రదికి ఇల్లు చేరవలెను గదా!

ఇందులో విశేషము మరియొకటి కలదు. ఈ వృత్తాంతమును లోకమునకు చెప్పినవారు పరులు కారు. అన్నమాచార్యుల మనుమడు, పెదతిరుమలాచార్యుల కుమారుడునైన చిన్నన్న తన ‘అన్నమాచార్య చరిత్రము’ అను ద్విపదకావ్యమున తన వంశపు పెద్దను గూర్చి తానే వ్రాసెను. అప్పటికి తాళ్ళపాకవారిల్లు విద్యకు పుట్టినిల్లు. అన్నమయ్య ధర్మపత్ని తిమ్మక్క ‘సుభద్రాకల్యాణము’ రచించినది. కుమారుడు పెదతిరుమలయ్య, మనుమడు చినతిరుమలయ్య సంకీర్తనాచార్యులు. ఆ సంకీర్తనలు తిరుమల ఆలయములోని భాండాగారమున రాగిరేకులపై భద్రపడియుండెను. ఇంతటి కీర్తిగల కుటుంబము తమ పూర్వుడొకడు చదువురాక చావబోయిన సంగతిని దాచిపెట్టలేదు. ఇరుగుపొరుగువారి యెదుట ‘మావాడు తరగతిలో మొదటివాడు’ అని చెప్పుకొనుటకు ఆరాటపడు గృహములలో ఈ ఒక్క సంగతిని మాత్రము పిల్లలకు కథగా చెప్పినను ఎంతో మేలు.

అన్నమయ్య బాల్యముకూడ సాఫీగా సాగినట్లు కనబడదు. ఉమ్మడికుటుంబమున పెద్దలు పనులు చెప్పి సాధించిరనియు, పశువులకు గడ్డికోయ పంపగా కొడవలి తగిలి వ్రేలు తెగెననియు, అప్పుడే గోవిందనామము పలుకుచు పోవుచున్న యాత్రికులతో కలిసి ఎనిమిదేండ్ల బాలుడు తిరుమలకు బయలుదేరెననియు ఆ కావ్యమే చెప్పును. కొండనెక్కుచు మోకాళ్ళపర్వతము వద్ద ఆకలిచే సొమ్మసిల్లిన ఆ బాలునికి అలమేలుమంగమ్మ ప్రసాదమిచ్చి లేపెననుట యాత్రికులందరును ఎరిగినదే. అమ్మ అన్నము మొదట పెట్టినది, ఉపదేశము తరువాత చేసినది. పాలుత్రాగని పిల్లవానిని ఉదయము ఏడుగంటలకు ఎక్కమడుగు ఇండ్లు ఈ క్రమమును గుర్తింపవలెను.

ప్రాచీనులు విద్యాభ్యాసమునకు నిరంతరము శ్రమింపవలెననియే చెప్పిరని కొందరి తలంపు. అది సరికాదు. చదువకూడని దినములను వారు చదువు దినములంత శ్రద్ధతో నిర్ణయించిరి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు వేదమునకు అనధ్యయనదినములు. సుందరకాండములో హనుమంతుడు వానరులకు సీతమ్మవారి కార్శ్యమును వర్ణించుచు, పాడ్యమినాడు పఠించువాని విద్యవలె ఆ తల్లి కృశించియున్నదని చెప్పును. లోకమాత దుఃఖమునకు పోలిక చెప్పవలసివచ్చి, విశ్రాంతిలేని చదువు క్షీణించుననుమాటను ఆ మహావ్యాకరణపండితుడు ఎన్నుకొనుట గమనింపదగినది.

పర్వదినములే కాదు. యాజ్ఞవల్క్యస్మృతి అప్పటికప్పుడు కలుగు అనధ్యయనకారణములను 37గా లెక్కించినది. కుక్క మొరిగినప్పుడు, గాడిద ఓండ్రపెట్టినప్పుడు, గుడ్లగూబ కూసినప్పుడు, ఆర్తుల యేడుపు వినవచ్చినప్పుడు, భోజనముచేసి చేతి తడి ఆరకముందు, పెనుగాలి వీచునప్పుడు, పరుగెత్తునప్పుడు, దుర్వాసన వచ్చినప్పుడు, వాహనముపై పోవునప్పుడు, శిష్టుడైన అతిథి ఇంటికి వచ్చినప్పుడు పాఠము నిలుపవలెను. ఈ నియమములు వేదాధ్యయనమునకు చెప్పినవేగాని ఎక్కములకు, గుణింతములకు చెప్పినవి కావు. వేదాంగముల విషయమున మనువు ఈ నిషేధమును సడలించినాడుకూడ. అయినను ఆ పట్టికను చదువుచుండగా, ఇల్లాలు ప్రతిదినము చూచు దృశ్యమే కన్నులకు కట్టును. వీధిలో కుక్క మొరిగినచో ఐదేండ్ల బాలుడు కిటికీకి పరుగెత్తును. చుట్టములు వచ్చినచో చదువు సాగదు. భోజనముచేసిన చేతులతో పుస్తకము పట్టినచో పుటలు అంటుకొనును. శాస్త్రకారులు అట్టి ఆటంకములను శిష్యుని దోషముగా పరిగణింపక, కాలముయొక్క ధర్మముగా పరిగణించిరి. ఆటంకము తీరినవెంటనే పాఠము మరల సాగును.

పాఠము చెప్పు పద్ధతియందును అట్టి నిదానమే కానవచ్చుచున్నది. వేదపాఠశాలలలో సంత చెప్పునప్పుడు గురువు ఒకమారు పలికినదానిని శిష్యులు రెండుమారులు పలుకుదురు. సంత ముగిసిన పిదప దినములతరబడి వల్లెవేయుదురు. నిన్నటిది నేడు మరచుట ఆ పద్ధతిలో వింతగాదు. అందులకే వల్లె ఏర్పడినది. ఇంట తల్లి ఒక పద్యపాదమును ఒకేమారు పది పర్యాయములు చెప్పించి అలసిపోవుటకంటె, ఉదయము రెండుమారులు, జడవేయునప్పుడు రెండుమారులు, దీపము పెట్టునప్పుడు రెండుమారులు చెప్పించుట సుకరము. పిల్లలకు అది పాఠమని తోచదు.

బుజ్జగించుటను కొందరు పెద్దలు బలహీనతగా భావింతురు. అట్టివారు పెరియాళ్వారుల తిరుమొళిని ఒకమారు తెలిసినవారిచేత అర్థము చెప్పించుకొనవలెను. తిరుప్పల్లాండుతో కూడ 473 పాశురములుగల ఆ ప్రబంధమున, ఆళ్వారులు యశోదాభావము వహించి, చిన్నికృష్ణుని ఊయలలూపుట మొదలు జోలపాడుట, చందమామను పిలుచుట, చప్పట్లు కొట్టించుట, తప్పటడుగులు వేయించుట, పాలుత్రాగ రమ్మనుట, తలదువ్వుట, పూలుముడుచుట అను ముచ్చట్లను దశకములు దశకములుగా పాడిరి. చెవులు కుట్టించుకొమ్మని పిలుచు దశకమున కేశవుడు మొదలు దామోదరునివరకుగల పండ్రెండు నామములును వరుసగా వచ్చును. వెన్నపూసుకొని ఒడలంతయు జిడ్డుగానున్న బాలుని నీరాటమునకు పిలుచునప్పుడు తినుబండారముల ఆశ చూపుటయు కలదు. సర్వలోకనియామకుడైన స్వామినే స్నానమునకు రప్పించుటకు ఇంత బ్రతిమాలవలసి వచ్చినచో, మన యింటి పిల్లవాడు రెండుమారులు పిలిచినను రాలేదని విసుగుకొనుట ఏల?

ఆ పెరియాళ్వారుల యింటనే శ్రీవిల్లిపుత్తూరు తులసీవనమున లభించిన ఆండాళ్ పెరిగినది. ఆమె విద్యాశాల ఆ పూలతోటయే. తండ్రి దండలు కట్టుచుండగా భగవత్కథలు వినుచు పెరిగిన ఆ బాల తరువాత 30 పాశురముల తిరుప్పావై పాడినది. అందు 6వది మొదలు 15వది వరకుగల పది పాశురములలో నిద్రలేవని గోపికలను మేల్కొలుపుటయే విషయము. పక్షులు కూసినవని, శంఖము మ్రోగినదని, పెరుగుచిలుకు సవ్వడి వినబడుచున్నదని, ఒక్కొక్క తలుపువద్ద ఒక్కొక్క మాట. కొన్నిచోట్ల ఎత్తిపొడుపుకూడ కలదు. అయినను ఏ ఒక్కతెను విడిచి ముందునకు సాగరు. ధనుర్మాసపు చలిలో తెల్లవారుజామున పిల్లలను లేపు తల్లులకు ఈ పది పాశురముల స్వారస్యము పండితులకంటె బాగుగా తెలియును.

ప్రహ్లాదచరిత్రను మన ఇండ్లలో పిల్లలకు నేర్పుట పరిపాటి. పోతనామాత్యుని పద్యములు నోటికి రానివారు తెలుగు వైష్ణవగృహములలో అరుదు. ఆ కథ పిల్లల కొరకేగాక పిల్లలకు చదువుచెప్పించు పెద్దల కొరకును ఏర్పడినది. చండామార్కుల యొద్ద చదువుచున్న కుమారుని హిరణ్యకశిపుడు మొదటిమారు పిలిపించి నేర్చినదేమని యడుగగా, బాలుడు హరిని ఆశ్రయించుటయే మేలని చెప్పెను. తండ్రి నవ్వి, పసివారి బుద్ధులు పరులవలన చెడునని గురువులనే హెచ్చరించి పంపివేసెను. రెండవమారు పరీక్షకు పిలిచిన దినమున తల్లి బిడ్డకు స్నానముచేయించి, చక్కగా అలంకరించినది. తండ్రి తొడపై కూర్చుండబెట్టుకొని, శిరస్సు ఆఘ్రాణించి, ఆనందబాష్పములతో బిడ్డను తడిపెను. అంతవరకు ఆ రాక్షసరాజు ఏ తండ్రికిని తీసిపోడు. బాలుడు శ్రవణకీర్తనాదులైన తొమ్మిది భక్తిమార్గములను చెప్పుటతోనే గురుపుత్రునిపై మండిపడి, పిదప ఆ బిడ్డనే ఒడినుండి నేలకు త్రోసివైచెను.

తొడపై కూర్చుండి పాఠమొప్పజెప్పు బిడ్డకు ఆ తొడ ఎంతసేపు తనదో తెలియకపోవుట మిక్కిలి భయంకరమైన స్థితి. నేడు ఎవ్వరును హిరణ్యకశిపులు కారు. అయినను చుట్టములు వచ్చినప్పుడు బిడ్డను పిలిచి, ‘మామయ్యగారికి ఆ శ్లోకము చెప్పమ్మా’ అని ముద్దుగా అడిగి, బిడ్డ సిగ్గుపడి నోరు తెరువకపోగా, అతిథులు పోయిన పిదప చెంపపై కొట్టు ఇండ్లు లేకపోలేదు. శ్లోకము పెరుమాళ్ళ సన్నిధిని చెప్పుటకు నేర్పినది. మామయ్యగారు వినిన విందురు, లేకున్న లేదు.

ప్రహ్లాదుడు నిజముగా చదువుకొన్నది ఎప్పుడు, చెప్పినది ఎప్పుడు అని విచారించినచో వింతగానుండును. తల్లి నారదాశ్రమములో నున్నప్పుడు మహర్షి చెప్పిన ధర్మములను గర్భస్థుడై వినెను. చాలకాలము గడచుటచే తల్లి ఆ మాటలను మరచినది. బిడ్డ మరువలేదు. ఎవరికి చెప్పుచున్నామని పెద్దలు తలంతురో వారొకరు, నేర్చుకొనువారు మరియొకరు. అక్కకు పాఠము చెప్పుచుండగా తమ్మునికి వచ్చుట ఇందులకు దూరమైన సంగతి కాదు. ఇక ఆయన తోటి దైత్యబాలురకు బోధించినది గురువులు ఇంటిపనులపై వెళ్ళిన సమయమున. ఆటలకు రమ్మని పిలిచిన మిత్రులను కూర్చుండబెట్టి చెప్పెను. చండామార్కులు రాజాజ్ఞకు వెరచి ధర్మార్థకామములను ఎంత శ్రద్ధతో నూరిపోసినను, బాలురు విన్నది విరామసమయపు మాట. ఇంటనే చదువుకొను పిల్లలకు ఈ విరామమును, ఈ మిత్రమండలిని ఏర్పరచుట తల్లిదండ్రుల బాధ్యత. నలుగురు పిల్లలతో కలియని బిడ్డకు ఎంత పాఠము వచ్చినను ఏదో కొరత మిగులును. సాయంకాలము కోవెలలో పిల్లలు ఒకచోట చేరి నామావళి చెప్పుకొని, ప్రసాదముకొరకు తోసుకొనుటకూడ చదువులోని భాగమే.

మందముగా నేర్చువారి సంగతి ఇది. త్వరగా నేర్చువారితో మరియొక చిక్కు. శ్రీరామానుజుల ప్రియశిష్యులైన కూరేశుల కుమారులు పరాశరభట్టరు బాల్యమున ఒకనాడు అధ్యయనసమయమున వీధిలో ఆడుకొనుచుండిరి. కూరేశులు చూచి కారణమడుగగా, నిన్న చెప్పినదే నేడును చెప్పుచున్నారని బాలుడు బదులు చెప్పెను. తండ్రి కోపగింపక, అయినచో చెప్పుమనెను. బాలుడు తడబడక చెప్పెను. తక్కినవారికి దినములతరబడి వల్లెవేయవలసినది ఆ బాలునికి ఒక్కమారు వినినంతనే పట్టుబడినది. శిక్షించుటకు పూర్వము పరీక్షించుట యను ఈ చిన్న విషయము చాలగృహములలో తారుమారగును.

మరియొకమారు తిరువాయ్‌మొళిలో చిన్నవారును పెద్దవారునైన మనుష్యులని వచ్చుచోట, ఒకరే చిన్నవారును పెద్దవారును ఎట్లగుదురని ఆ బాలుడు ప్రశ్నించెను. వ్యాఖ్యానమెత్తుకొని గంటసేపు చెప్పగల విద్వాంసులు కూరేశులు. ఆయన చేసినదేమనగా, ముదలియాండాన్, అరుళాళ పెరుమాళ్ ఎంబెరుమానార్ వంటి, శరీరమున చిన్నవారై జ్ఞానమున పెద్దవారైన శ్రీవైష్ణవులను చూపుట. బాలుడు ప్రతిదినము చూచుచున్నవారే వారు. పిల్లల ప్రశ్నకు సమాధానము వీధిలో కనబడునదై యుండవలెనను మర్మమును ఆచార్యులు ఎరుగుదురు.

ఇట్టి కథలు చదివి, పరాశరభట్టరుతో తమ పిల్లలను పోల్చుకొనుట మాత్రము తగదు. శ్రీకృష్ణబలరాములు సాందీపని యొద్ద 64 దినములలో 64 కళలను నేర్చిరని భాగవతము చెప్పును. ఆ మాట పట్టుకొని పిల్లలను నిలదీయు తాతగారికి, ఆ కృష్ణుడే కంసవధానంతరము ఉపనయనమగువరకు వ్రేపల్లెలో ఆవులను కాచుచుండెనని జ్ఞాపకము చేయవచ్చును.

లౌకికవిషయము ఒకటి రెండు మాటలలో. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 సంవత్సరముల పిల్లల చదువునకు సంబంధించినది. కావున ఆ వయస్సులో పూర్తిగా ఇంటనే చదివింపదలచువారు ముందుగా తెలిసినవారిని విచారించుకొనవలెను. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 14 సంవత్సరములు నిండినవారికి పదవతరగతితో సమానమైన పరీక్ష నిర్వహించుచున్నది. ఇంట చదివినవారిలో పలువురు ఆ మార్గమున పోవుచున్నారు. పాశురములు వచ్చినవని గణితమును, విజ్ఞానశాస్త్రమును విడుచుట పిల్లలకు అన్యాయము. రెంటికిని వైరము లేదు. అలిపిరినుండి కాలినడకను పోవునప్పుడు సుమారు 3,550 మెట్లను వందలు వందలుగా లెక్కపెట్టించిన తండ్రి, ఆ దినమున గణితమునకు వేరుగా కూర్చుండబెట్టనక్కరలేదు. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి యను ఏడు పేర్లును నడకతోపాటు వచ్చును. నాలుగవ వందవద్ద లెక్కతప్పినచో మరల మొదటికి దిగవలసిన పనిలేదు. అచటినుండియే సాగింపవచ్చును.

తల్లుల స్థితినిగూర్చికూడ కొంత చెప్పవలెను. ఇంటి చదువు సాధారణముగా ఆమె భుజములమీదనే పడును. వంట, పెద్దల సేవ, పెరుమాళ్ళ తళిగ, ఈ నడుమ ఇద్దరు పిల్లలకు రెండు తరగతుల పాఠము. సాయంకాలము భర్త వచ్చి, ‘నేడు ఏమి చెప్పితివి?’ అని తనిఖీదారువలె అడుగుట ఉచితముకాదు. పిల్లవానిని నడకకు తీసికొనిపోయి, త్రోవలో ఒక శతకపద్యము చెప్పుకొనుచు వచ్చినచో ఆమెకు అరగంట లభించును. అమ్మమ్మ, నాయనమ్మలుగల ఇండ్లు ఈ విషయమున అదృష్టముగలవి. పూలుకట్టుచు, ప్రత్తి వత్తులు చేయుచు వారు చెప్పినంత చదువు పుస్తకములలో లేదు. ఆమెకును అనధ్యయనదినములు కావలెను. జ్వరముతో నున్న తల్లి పాఠము చెప్పరాదు. కోపముతో నున్న తల్లియు అంతే. ఆ పూటకు పలకను గూటిలో పెట్టి, బిడ్డచేత తులసికి నీరుపోయించి, దాసాని పూలు కోయించినచో సరిపోవును.

ధనుర్మాసమున దినమున కొక్క పాశురము చొప్పున నేర్పుదమని ఎందరో సంకల్పింతురు. మొదటి ఐదు దినములు ఉత్సాహముగా గడచును. ఆరవనాడు పిల్లవాడు లేవడు. తొమ్మిదవనాడు జలుబు. పండ్రెండవనాడు చుట్టములు. పదునెనిమిదవనాడు నేర్చినది పదునైదవదానితో కలిసిపోవును. భోగి పండుగనాటికి ముప్పది రావలసినచోట తొమ్మిదియో పదియో వచ్చును. అందు రెండు అక్కకు మాత్రమే వచ్చును, ఒకటి తమ్మునికి మాత్రమే వచ్చును. ఆ బాలుడు ఆ ఒక్కదానిని స్నానమప్పుడు, అన్నము తినునప్పుడు, ఉచ్చారణ సగము తప్పుగా, సంవత్సరమంతయు పాడుచుండును. మరల మార్గశీరమున నెలగంట పెట్టిననాడు తల్లి తెల్లవారుజామున దీపము వెలిగించి, మొదటి పాశురమును మొదటినుండి ప్రారంభించును.